రెండు దిక్కుల

మిర్యాలగూడల, సాగర్ రోడ్డుమీద నా జిరాక్స్ షాపు.
పొద్దుగాల షటర్ లేపితే
అద్దంమీద మొదట పండుకునేది ఆధార్ కార్డు,
ఆ తర్వాత పట్టా పాసుబుక్కు, కులం సర్టిఫికెట్టు,
ఎప్పుడన్న ఒక మరణ ధ్రువపత్రం.
పదేండ్ల సంది
మనుషులను బోర్లా పండబెట్టి
కిందికెల్లి వెలుగు తోలుతున్న.

మొన్న మిట్టమధ్యాహ్నం
సైదమ్మ వచ్చింది, మిల్లుల తవుడు ఊడ్చే సైదమ్మ.
చేతుల యూరియా సంచి.
విప్పితే కాయితాలు.
"బిడ్డ ఏసిన బొమ్మలు సారూ.
చెదలు పట్టి సగం తిన్నయి.
మిగిలినయి వాళ్ల నాయిన ఫోన్ల ఎక్కియ్యి.
నాది బటన్ల ఫోను."

అన్నీ కాంటా చిట్టీలు.
ఒక దిక్కు లారీ నంబరు, నిండు బరువు, ఖాళీ బరువు, తారీకు.
ఇంకో దిక్కు
ఇల్లుకన్న పెద్ద కోడి,
పళ్లున్న చందమామ,
ఊక అంటించిన మూడు కాళ్ల మేక,
బువ్వ తింటున్న లారీ.

"లారీకి నోరెందుకమ్మా?"
"వాళ్ల నాయిన దాన్ల పోతడు గద.
దానికి సుత ఆకలైతదట."

లింగస్వామి కాకినాడ పోర్టుకు బియ్యం తోలుతడు.
పోతే వారం. వస్తే నిద్ర.
చరిష్మకు ఆరేండ్లు,
నాయిన మొకంకన్న నాయిన అరికాళ్లు
బాగ గీస్తది.

"కాయితానికి ఐదు."
"మూడు చెయ్యి సారూ, నలభై మూడున్నయి."
చేసిన.

మిషన్ అడిగింది: ఒక దిక్కా, రెండు దిక్కులా?
ఒక దిక్కే నొక్కిన. బొమ్మ ఒక దిక్కే గద.
సైదమ్మ ఒప్పుకోలె.
"ఆ అంకెలు సుత రానియ్యి.
గీ లోడు ఎత్తిన దినమే పిల్లకు జరమొచ్చింది.
గీ చిట్టీనాడు పన్ను ఊడింది.
నాకు రాసుడు రాదు సారూ,
తారీకులన్నీ మిల్లే రాసిపెట్టింది."

మిషన్ బుద్ధి మిషన్‌ది.
కాయితం మాసిందనుకొని దానంతటదే తెల్లగ చేసింది.
పసుపు రుద్ది చేసిన సూర్యుడు పోయిండు.
"పొద్దేది?"
"లేత రంగు పట్టదమ్మా."
"నా కండ్లకు పడుతుంది గద!"
ఉన్న సెట్టింగులన్నీ తిప్పిన.
సూర్యుడు వచ్చిండు గని
ఎంబడి చాయ మరక వచ్చింది,
చెద నడిచిన తొవ్వ వచ్చింది,
చారు వేలితోని పట్టుకున్న ముద్ర వచ్చింది.
"గట్లనే ఉండనియ్యి."

మేకను పండబెట్టినప్పుడు
మూత సరిగ పడలె.
జెర గట్టిగ ఒత్తిన.

వాట్సాప్‌ల పంపిన. ఒక్క టిక్కు.
చానసేపు ఒక్క టిక్కే.
"అందలేదా సారూ?"
"కోదాడ దాటిండో, బెజవాడల ఇరుక్కున్నడో."
నూట ఇరువై తొమ్మిది రూపాయలు లెక్కబెట్టి,
చిట్టీలు మళ్ల యూరియా సంచిల ఏసుకొని పోయింది.
చెదలకు ఇంకా బాకీ ఉన్నట్టు.

రాత్రి షటర్ దించేటప్పుడు ఫోను మోగింది.
హారన్ల నడుమ ఆయన గొంతు:
"అన్నా, నడుమ ఒక బొమ్మల
మంచం, మంచంమీద రెండు పాదాలే ఉన్నయి.
మనిషేడి?"
ఏమని చెప్పాలె.
తాళం చేతుల పట్టుకొని నిలబడ్డ.
నిమిషానికి ఇంకొకటి వచ్చింది.
"తెలిసింది తీయ్ అన్నా."
దాని ఎనుక లారీ ఇంజను
చానసేపు ఆగకుండ.

తెల్లారి తాసీల్దారు ఆఫీసుకు పోయే పెద్దమనిషి ఒకాయన
ఆధార్ కాపీ నా ముందట పడేసిండు.
"ఏందయ్య ఇది, నా మొకంమీద గీత?"
అద్దం చూసిన.
ఒక ఊక పొట్టు. మేక బొచ్చు.
గోటితోని తీసి, తుడిచి, ఇంకో కాపీ ఇచ్చిన.

ఖరాబైన కాపీ నలిపెయ్యబోయి
ఎందుకో తిప్పి చూసిన.
ఆ దిక్కు తెల్లగ ఉన్నది.
మొకం దిక్కు చింపి పారెయ్యలేను,
తెల్ల దిక్కు పారెయ్య మనసొప్పలె.
రెండూ ఒక్క కాయితమే.
డెస్కు సొరుగుల పెట్టిన.